మూడో గంట నీళ్ళు

శాన్ ఎలోయ్‌కి వచ్చిన పదకొండు రోజుల్లో టోబిన్ అన్నిటికంటే ఎక్కువసార్లు పలికిన మాట "అవును". ఇంకో గరిటె పెట్టనా అంటే అవును. చలేస్తోందా అంటే అవును. మీ ఊళ్ళో ఆవులుంటాయా, మీ అమ్మ బతికే ఉందా, మా కోడి మీ మంచం కింద గుడ్డు పెట్టిందా, అన్నిటికీ అవునే. పొద్దున నాలుగు గంటలు పంతులమ్మ దగ్గర స్పానిష్ పాఠం. మధ్యాహ్నం నుంచి దెల్ఫీనా ఇంట్లో అసలు స్పానిష్. పాఠంలో మనుషులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడేవారు. ఇంట్లో దెల్ఫీనా, ఆమె అత్తగారు సోయిలా, పొయ్యి మీద కుండ, గడపలో కోళ్ళు అన్నీ ఒకేసారి మాట్లాడేవి.

మూడు నెలల శిక్షణ అయితే గాని అతన్ని స్వచ్ఛంద సేవకుడిగా ఏ ఊరికీ పంపరు. అంతవరకు తిండి, పడక, భాష అన్నీ ఈ ఇంట్లోనే.

బుధవారం సాయంత్రం కాలువ పెద్ద దోన్ సెగుందో వచ్చాడు. టోపీ తీసి, ముసలావిడ చెయ్యి తాకి, గడప పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"రేపట్నుంచి మూడు రోజులు పూడికతీత, దెల్ఫీనా. మీ ఇంటి నుంచి ఎవరు? నువ్వేగా?"

దెల్ఫీనా మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. చెయ్యి ఆపలేదు. "నేను వస్తాను. ఈసారి మా ఇంట్లోంచి మగమనిషి కూడా వస్తున్నాడు."

"ఎవరబ్బా?"

ఆమె పెదాలు ముందుకు చాచి టోబిన్‌ని చూపించింది.

సెగుందో మొహం వెడల్పయింది. "ఈ గ్రింగోనా, ఈ తెల్లవాడా! పార ఎటు పట్టుకోవాలో తెలుసా?"

"ఆయన్నే అడగండి."

"ఏమంటారు బాబూ? ఈ ఇంటి మగవాడిగా నిలబడతారా?"

టోబిన్‌కి ఇల్లు అన్నది అర్థమైంది. నిలబడటం అన్నది అర్థమైంది. "అవును" అని లేచి నిలబడ్డాడు. పైన దూలం నెత్తికి ఠక్కున తగిలింది.

సోయిలా పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వింది. "చూశావురా సెగుందో! మా వాడు బతికున్నన్నాళ్ళూ ఆ దూలాన్ని ఒక్కసారీ అందుకోలేదు. ఇంతకన్నా మగవాడు ఎక్కడ దొరుకుతాడు నీకు?"

సెగుందో కూడా నవ్వి, ఓర్చాతా కషాయం గ్లాసు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక దెల్ఫీనా బల్ల మీద మొక్కజొన్న గింజలు పేర్చి టోబిన్‌కి సంగతి చెప్పింది. ఒక్కొక్క మాటా విడిగా, చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా చెప్పింది. కాలువ పనిని కర్రతో కొలుస్తారు. మగవాడికి రోజుకి రెండు కర్రల మేర, ఆడమనిషికి ఒక కర్ర. మగవాడు పనికొచ్చిన ఇంటికి వారానికి నాలుగు గంటల నీళ్ళు. నాలుగు గింజలు పెట్టింది. ఆడవాళ్ళు మాత్రమే వచ్చిన ఇంటికి రెండు. రెండు గింజలు వెనక్కి తీసేసింది. తీసిన గింజల్ని పిడికిట్లో ఉంచుకుని అతన్ని పెరటి వెనక్కి తీసుకెళ్ళింది.

పై మడిలో బఠాణీ తీగలు మోకాలెత్తు ఉన్నాయి. కింది మడి నెర్రెలిచ్చి ఉంది.

"ఆరేళ్ళు," అంది కింది మడి వైపు పెదాలు చాచి. "ఆయన పోయి ఆరేళ్ళు."

ఈసారి టోబిన్ అర్థమయ్యే తలూపాడు.

పూడికతీత మూడు రోజులూ పాఠానికి సెలవు. గురువారం పొద్దున్నే ఊరంతా కొండ మీద, కాలువ మొదట్లో ఉన్న శిలువ దగ్గర చేరింది. జపమాల నడిపించే ముసలాయన దోన్ ఎలియసార్ టోపీ తీసి ప్రార్థన చెప్పాడు. నీళ్ళు నీవి తండ్రీ, చేతులు మావి, అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. తర్వాత సెగుందో తన పొడుగాటి కర్రని గట్టు మీద పరుస్తూ నడిచాడు. మగవాళ్ళు ఒక వరస, ఆడవాళ్ళు వాళ్ళ కింద ఇంకో వరస. టోబిన్ దగ్గర కర్ర రెండుసార్లు పడింది. ఆ కిందనే దెల్ఫీనాకి ఒక్కసారి పడింది.

పని చూడ్డానికి సులువే. కాలువలోకి దిగి, అడుగున చేరిన బురదనీ, రెండు పక్కల నుంచీ అల్లుకుపోయిన గడ్డినీ కోసి బయట పడెయ్యాలి. టోబిన్ గంటసేపు ఊపిరి సలపకుండా తవ్వి, తవ్విన మట్టంతా పైగట్టు మీద కుప్ప పోశాడు. దెల్ఫీనా తన చోటు నుంచి తలెత్తి చూసి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో, పైకి కాదు! కిందికి, కిందికి! మొదటి వానకే మళ్ళీ లోపలికొచ్చి పడుతుంది."

కుప్పంతా మళ్ళీ ఎత్తి కిందిగట్టుకి వెయ్యడానికి ఇంకో గంట పట్టింది. గడ్డిని పారతో పీకకూడదని, నలుచదరం ముక్కలుగా నిలువునా నరికి, పార పిడిని తొడకి ఆనించి ఒక్క ఊపున పైకి లేపాలని ఆమె చేసి చూపించింది. "చేతుల్తో కాదు, తొడతో," అని తన తొడ మీద చరిచి చెప్పింది. ఆమె లేపితే గడ్డి ముక్క రొట్టెముక్కలా వచ్చేది. అతను లేపితే సగంలో విరిగి చెప్పుల మీద పడేది.

పక్క మేర ఫ్లోరెసిల్డాది. నడివయసు మనిషి, నోరు ఊరుకోదు. "వదినా, మీ మగవాడు కాలువ తవ్వుతున్నాడా, స్నానం చేస్తున్నాడా?" అని అరిచింది.

"నీ పని నువ్వు చూసుకో వదినా. మీ ఆయన పార మీద గడ్డం ఆనించి నిద్రపోతున్నాడు చూడు."

మధ్యాహ్నం అందరూ గట్టు మీద పొడుగ్గా గుడ్డలు పరిచి, ఎవరి మూట వాళ్ళు వాటి మీద విప్పారు. ఉడికించిన తెల్ల మొక్కజొన్న గింజలు, చిక్కుళ్ళు, చీజ్ ముక్కలు, వేయించిన అరటికాయ, అన్నీ కలిసిపోయాయి. ఎవరు తెచ్చింది ఎవరు తింటున్నారో ఎవరూ చూడరు. టోబిన్‌కి అది చాలా నచ్చింది.

పొద్దు వాలేసరికి అతను ఒక కర్ర మేర ముగించాడు. రెండోదాన్ని ముట్టుకోనే లేదు. దెల్ఫీనా తన మేర ఎప్పుడో పూర్తిచేసి, అతని రెండో కర్రలోకి దిగింది. సెగుందో కొలుచుకుంటూ కిందికి వచ్చేసరికి ఆమె అదీ ముగించి, గుప్పెడు గడ్డితో పార తుడుచుకుంటోంది.

సెగుందో కర్ర పరిచాడు. "ఒకటి. రెండు." టోబిన్ వీపు మీద చరిచాడు. "శభాష్! మగవాడంటే ఇలా ఉండాలి. చూశార్రా?" మగవాళ్ళు చుట్టూ చేరి చెరకు సారా చిన్న గ్లాసులో పోసి అతనికిచ్చారు. దెల్ఫీనా మేర వైపు సెగుందో ఓరగా చూసి, "ఆఁ, నీదీ అయిందిగా," అని దాటిపోయాడు.

సారా గొంతులో మండింది. టోబిన్ గ్లాసు మీదుగా ఆమెని చూశాడు. ఆమె పార భుజానేసుకుని, అత్తగారికి పొయ్యిలోకి నాలుగు పుల్లలు ఏరుకుంటూ వెళ్ళిపోతోంది.

ఇంట్లో పచ్చి అరటికాయ చారు తాగుతూ అతను అడగబోయాడు. "మీరు రెండు. నేను ఒకటి. ఎందుకు నాకు..."

"తినండి," అంది దెల్ఫీనా. ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ వేళ దేవుడి పటం ముందు కొవ్వొత్తి వెలిగించేటప్పుడు కూడా ఆ రాగం ఆగలేదు. అంత అన్యాయం జరిగిన మనిషి అంత హాయిగా ఎలా ఉందో టోబిన్‌కి అంతుపట్టలేదు.

శుక్రవారం బొబ్బలెక్కిన చేతులకి గుడ్డలు చుట్టుకుని మళ్ళీ దిగాడు. పని నిన్నటికంటే కొంచెం అర్థమైంది. మట్టి కిందిగట్టుకే వెళ్ళింది. అయినా పొద్దు వాలేసరికి ఒక్క కర్రే. దెల్ఫీనా మళ్ళీ తన మేర నుంచి అతని మేరలోకి నడిచింది. మళ్ళీ సెగుందో వచ్చాడు, మళ్ళీ కర్ర రెండుసార్లు పడింది, మళ్ళీ వీపు మీద చరుపు.

"ఒరే, మీరంతా సిగ్గుపడాలిరా. పదమూడు రోజుల కింద విమానం దిగినవాడు..."

టోబిన్ మధ్యాహ్నం నుంచీ వాక్యాలు కూర్చుకుంటున్నాడు. ఆ వారమే పాఠంలో భూతకాలం వచ్చింది. మొహమాటానికి, మాట దాటెయ్యడానికి కావలసిన వంకర వాక్యాలు ఇంకా రాలేదు. ఉన్నవి తిన్ననివే. వాటినే వరసగా చెప్పాడు.

"దోన్ సెగుందో. నేను ఒక కర్ర చేశాను. ఇంకో కర్ర నేను చేయలేదు. దోన్యా దెల్ఫీనా చేసింది. నిన్న కూడా. ఆమె రెండు చేసింది. నేను ఒకటి చేశాను."

ఉచ్చారణలో ఒక్క తప్పూ దొర్లలేదు. పంతులమ్మ ఉంటే మెచ్చుకునేది. అతను సంతోషంగా చుట్టూ చూశాడు. ఇప్పుడు అందరూ దెల్ఫీనా వైపు తిరుగుతారనుకున్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత కాలువ పొడుగునా నవ్వు పాకింది.

సెగుందో నవ్వలేదు. మెడ వెనక గోక్కున్నాడు. నలుగురిలో చెప్పాక వినలేదనడం కుదరదు. "అయితే బాబూ, ఒక కర్ర చేసినవాడు ఆడవాళ్ళ లెక్కలోకే వస్తాడు. నేనేం చెయ్యను? మన కాలువ మీద మనుషులు మాట్లాడరు, కర్రే మాట్లాడుతుంది. దెల్ఫీనా, మరి మీ ఇంట్లో మగవాడు లేనట్టే. ఎప్పటిలాగే రెండు గంటలు."

టోబిన్ అప్పుడు ఆమె మొహం చూశాడు.

దారంతా ఆమె ముందు నడిచింది. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. వంటింట్లోకి వచ్చి పార గోడకి ఆనించి, అప్పుడు తిరిగింది.

"ఎందుకు మాట్లాడావు నువ్వు?"

"నిజం," అన్నాడు టోబిన్.

"నిజం నాకు తెలీదా? ఆరేళ్ళుగా నా నడుముకి తెలుసు. చెప్పమని నిన్ను నేనడిగానా? వాళ్ళు నన్ను మెచ్చుకోలేదని నీ దగ్గర ఏడ్చానా? నాకు వాళ్ళ శభాషులు అక్కర్లేదు నాయనా. నాకు నీళ్ళు కావాలి. నీ నిజంతో నా నీళ్ళు పోయాయి."

ఈ ఊరొచ్చాక మొదటిసారి, అంత పొడుగు మాట ఒక్క ముక్క కూడా జారకుండా అతనికి అర్థమైంది. ఇన్నాళ్ళూ మీరు అన్నావిడ నువ్వు అనడం కూడా. చారు గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అబద్ధమాడకూడదని చిన్నప్పుడు చర్చిలో నేర్పారు. తను చెప్పిన నిజానికి ఇంకొకరు నష్టపోతే ఏం చెయ్యాలో నేర్పినట్టు గుర్తులేదు. దేవుణ్ణి అడుగుదామంటే, ఆయనతో ఏ భాషలో మాట్లాడాలో ఆ పూట అతనికి తోచలేదు.

"క్షమించండి," అన్నాడు చివరికి. ఆ ఒక్క మాటే వచ్చింది.

పొయ్యి పక్కన పీట మీంచి సోయిలా అంది, "అరవకే. పిల్లాడు దొంగతనం చేశాడా?"

"మీరూరుకోండి అత్తా."

"ఊరుకుంటాలే. సెగుందో ఏమన్నాడో ఇంకోసారి చెప్పు."

"ఏమంటాడు? ఒక కర్ర చేసినవాడు ఆడవాళ్ళ లెక్కే అన్నాడు. మనుషులు మాట్లాడరు, కర్రే మాట్లాడుతుంది అన్నాడు."

"అందరి ముందూ?"

"అందరి ముందే."

"ఎలియసార్ కూడా ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఊఁ," అంది ముసలావిడ. నోట్లో చీజ్ ముక్క నాన్చుకుంటూ కూర్చుంది.

కుండ మీద మూత పెట్టబోతున్న దెల్ఫీనా చెయ్యి గాల్లోనే ఆగింది. కాసేపటికి మూత పెట్టింది. తర్వాత కొంచెం పందికొవ్వు వేడిచేసి తెచ్చి టోబిన్ ఎదురుగా కూర్చుంది. "చేతులు ఇటు చాపు," అంది. బొబ్బల మీద రాసేటప్పుడు ఆమె వేళ్ళు కోపంగానే ఉన్నాయి, కానీ ఒక్క బొబ్బా చితకలేదు.

శనివారం ప్రార్థన అయ్యాక మగవాళ్ళు తమ వరసకి వెళ్ళారు. దెల్ఫీనా కూడా అటే నడిచింది. ఫ్లోరెసిల్డా మొగుడికీ ఎలియసార్ అల్లుడికీ మధ్య పార నేలకి గుచ్చి నిలబడింది.

సెగుందో కర్ర పరుస్తూ వచ్చి ఆగాడు. "నీ చోటు కింద."

"రెండు కర్రలు కొలవండి."

"పొద్దున్నే సరసాలేంటి దెల్ఫీనా? ఆడమనిషికి ఒకటే."

"నిన్న అందరి ముందూ ఓ మగవాణ్ణి ఆడవాళ్ళ లెక్కలో వేశారు. ఒక కర్ర చేశాడు కాబట్టి వేశానన్నారు. అలాంటప్పుడు రెండు కర్రలు చేసినవాళ్ళని ఏ లెక్కలో వేస్తారు? కర్ర మాట్లాడుతుందన్నారుగా, మాట్లాడనివ్వండి. లేకపోతే ఇన్నాళ్ళూ కర్రతో కొలిచారా, ప్యాంట్లతో కొలిచారా?"

నిన్న నవ్వినవాళ్ళే ఈసారీ నవ్వారు. కింది వరసలో ఆడవాళ్ళ నవ్వు గట్టిగా వినిపించింది. సెగుందో చెవులు ఎర్రబడ్డాయి.

"ఎప్పుడూ లేదిది."

దోన్ ఎలియసార్ టోపీ సవరించుకున్నాడు. "లేదు. మనం ప్రార్థనలో చేతులు మావి అంటాం గాని, ఎవరి చేతులని చెప్పం. ఆ మాట నువ్వన్నావు సెగుందో. నేను విన్నాను. అన్నాక అన్నట్టే."

సెగుందో చాలాసేపు కర్ర చివర చూస్తూ నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. తన తండ్రి ఎలా కొలిచేవాడో అలాగే కొలిచాడు ఇన్నేళ్ళూ. "సరే," అన్నాడు. "కానీ మగవాడి మేర తీసుకుని మధ్యలో వదిలేస్తే ఆ ఇంటికి ఆ ఏడాది ఏమీ లేదు. రెండు గంటలు కూడా ఉండవు. అదీ కట్టుబాటే. ఎవరి సాయమూ కుదరదు. ఇవాళ్టి మేర యూకలిప్టస్ చెట్ల కింద. ఆలోచించుకో."

"కొలవండి," అంది దెల్ఫీనా.

టోబిన్‌కి సగం మాటలే అందాయి గాని సంగతి పూర్తిగా అందింది. మగవాళ్ళ వరసలో తనకోసం ఖాళీగా ఉన్న చోటు దాటి, కిందికి దిగి, ఆడవాళ్ళ వరస చివర నిలబడ్డాడు.

"రండి అక్కయ్యా, రండి!" అని ఫ్లోరెసిల్డా చేతులు చాచింది. "పావడా తేలేదేం?"

"రేపు," అన్నాడు టోబిన్. అతను స్పానిష్‌లో వేసిన మొదటి జోకు అదే. ఆడవాళ్ళు గట్టు మీద కూలబడి నవ్వారు. సెగుందో వచ్చి అతని ముందు కర్ర ఒక్కసారి పరిచి, తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ కర్ర మేర మీదే టోబిన్ ధ్యాస పెట్టాడు. నిలువునా నరకడం, తొడకి ఆనించడం, లేపడం, కిందిగట్టుకి విసరడం. గడ్డి ముక్క మొదటిసారి విరక్కుండా పైకొచ్చినప్పుడు అతను దాన్ని కాసేపు పార మీదే పట్టుకుని చూసుకున్నాడు. "బాగుంది, ఇక పడెయ్యి, దానికి పేరేం పెట్టక్కర్లేదు," అంది ఫ్లోరెసిల్డా. మధ్యాహ్నం భోజనం తర్వాత మూడింటికల్లా అతని మేర పూర్తయింది. ఎవరూ వచ్చి చెయ్యి వెయ్యలేదు. వెయ్యాల్సిన అవసరం రాలేదు.

పార కడుక్కుని పైకెళ్ళాడు. అప్పటికే పని అయిపోయిన ఆడవాళ్ళు గట్టు మీద వరసగా కూర్చున్నారు. దెల్ఫీనా భోజనానికి కూడా పైకి రాలేదు. ఫ్లోరెసిల్డా ఇచ్చిన గింజల్ని నిలబడే నమిలింది. మొదటి కర్ర శుభ్రంగా మెరుస్తోంది. రెండోదాని మధ్యలో మనిషి తొడంత వేరు కాలువకి అడ్డంగా పడుకుని ఉంది. ఆమె గునపంతో పైనుంచి కొడుతోంది. ప్రతి దెబ్బకీ గునపం ఎగిరి వెనక్కొస్తోంది. జాకెట్టు వీపంతా తడిసిపోయింది.

టోబిన్ ఒక అడుగు ముందుకేశాడు. ఫ్లోరెసిల్డా అతని చొక్కా పట్టుకుని కింద కూర్చోబెట్టింది. "కదలకు. నువ్వు ముట్టుకుంటే అంతా పోతుంది."

అందుకని కూర్చున్నాడు. రోజంతా తవ్వినదానికంటే ఆ కూర్చోవడమే కష్టమనిపించింది.

సెగుందో గట్టు మీద కర్ర నిలబెట్టి చూస్తున్నాడు. కొంతసేపయ్యాక ఎటో చూస్తూ, ఎవరితోనో అన్నట్టు, "వేరుని కింద నుంచి కొట్టాలి," అన్నాడు.

"తెలుసు," అంది దెల్ఫీనా.

కానీ వంగి, వేరు కింద మట్టి గోకి, గునపం మొన లోపలికి దూర్చి, తన బరువంతా రెండో కొస మీద వేసింది. ఏమీ కాలేదు. కాళ్ళు నేల మీంచి లేపి గునపం మీద వేలాడింది. వేరు పటుక్కున విరిగింది, ఆమె బురదలో వెల్లకిలా పడింది. ఎవరూ నవ్వలేదు. లేచింది, మిగిలిన ముక్కని రెండు చేతుల్తో ఈడ్చి కిందిగట్టుకి తోసింది, ఆ తర్వాత ఇంకా గంటసేపు అడుగు చదును చేసింది.

సెగుందో కర్ర పరిచాడు. "ఒకటి." ఇంకోసారి పరిచాడు. కర్ర చివర ఆమె గుచ్చిన పార దగ్గర సరిగ్గా ఆగింది. "రెండు."

కాలువ అడుగుని చెప్పుతో తట్టి చూశాడు. వంక దొరకలేదు. అతను వెతికినట్టూ అనిపించలేదు. "నాలుగు గంటలు," అని కర్ర భుజానికెత్తుకున్నాడు.

దోన్ ఎలియసార్ శిలువ గుర్తు వేసుకున్నాడు. ఫ్లోరెసిల్డా లేచి పావడా దులుపుకుంది.

"దోన్ సెగుందో, వచ్చే ఏడు నాకూ రెండు కొలవండి."

"నీకు మొగుడున్నాడుగా!"

"ఉంటే ఉన్నాడు. ఆయనకి ఒకటి ఇవ్వండి, సుఖంగా చేసుకుంటాడు."

ఆదివారం తొలి పూజ అయ్యాక, పదింటికి దెల్ఫీనా ఇంటి వంతు వచ్చింది. తూము తీయగానే నీళ్ళు కొత్తగా తవ్విన కాలువలో చప్పుడు లేకుండా, బరువుగా దిగాయి. బఠాణీ మడిలో ఆమె ముందు, టోబిన్ వెనక. ఒక సాలు నిండగానే దాని నోటికి గడ్డిముక్క అడ్డంవేసి పక్క సాలు తెరవాలి. సోయిలాని కుర్చీతో సహా తెచ్చి మడి అంచున కూర్చోబెట్టారు. ఆవిడ చేతికర్రతో గాల్లో చూపిస్తూ ఇద్దర్నీ తిడుతోంది. "అటు పోతున్నాయ్, అటు! కళ్ళెక్కడ పెట్టుకున్నావురా గ్రింగో!" టోబిన్ పరిగెత్తి మూసి వచ్చాడు. ఆ తిట్టులో అర్థంకాని మాటేదీ లేదు.

పై మడి పూర్తిగా తడిసేసరికి చర్చిలో పన్నెండు గంటలు మోగాయి. దెల్ఫీనా ఆగి, తడిచేత్తో శిలువ గుర్తు వేసుకుని, పెదాలు కదిపింది. ప్రార్థన అవగానే వంగి, నీళ్ళు కింది ఇంటివాళ్ళకి వదిలెయ్యడానికి పెద్ద మట్టిపెళ్ళ ఒకటి రెండు చేతుల్తో ఎత్తింది. ఆరేళ్ళుగా ఆ గంట మోగగానే ఆమె చేస్తూ వచ్చిన పని అది. పెళ్ళతో తూము దాకా నడిచింది.

అక్కడ ఆగింది.

నీళ్ళు ఆమె కాళ్ళ మధ్యనుంచి పోతూనే ఉన్నాయి. కింది ఇంటివాళ్ళెవరూ రాలేదు. ఎవరూ కేక వెయ్యలేదు. ఆమె చేతుల్లో ఉన్నదాన్ని చూసుకుంది, తర్వాత కాలువని చూసింది, తర్వాత అత్తగారిని.

"కింద పడెయ్యవే పిచ్చిదానా," అంది సోయిలా మెల్లగా. "బరువు."

దెల్ఫీనా మట్టిపెళ్ళని గట్టుకి విసిరేసింది. చేతులు పావడాకి తుడుచుకుంది.

"నాయనా, కింది మడి గట్టు తెరువు," అంది.

టోబిన్ పారతో గట్టు కోశాడు. నీళ్ళు నెర్రెల దాకా వెళ్ళి ఆగిపోయాయి, ముందుకి పాకలేదు. ఒక్కొక్క నెర్రెలోకీ దిగిపోతూ, లోపలెక్కడో గుటకలు వేస్తున్నట్టు చప్పుడు చేస్తూ, చాలాసేపు అక్కడక్కడే ఉండిపోయాయి. తొందరపెట్టాల్సిన పని లేదు. ఇంకా రెండు గంటలుంది. దెల్ఫీనా వచ్చి అతని పక్కన నిలబడింది, ఇద్దరూ ఏ భాషలోనూ ఏమీ మాట్లాడకుండా ఆ చప్పుడు విన్నారు.